సుంకమ్మ ఫొటో పెద్దది చేసిన పెట్టె

నేను ఒక ఎన్‌లార్జర్‌ని. చిన్న ఫొటోను పెద్దది చేసే యంత్రాన్నన్నమాట. మా వాళ్లలో మర్యాదస్తులంతా స్టూడియోల్లో నిటారుగా నిలబడి, తల దించుకుని, బల్ల మీది కాగితం మీద వెలుగు పోస్తారు. నేను మాత్రం పుట్టుకతోనే పడక. రైలుబండిలా పొడుగ్గా పట్టాల మీద పడుకుని ఎదుటి గోడ మీద బొమ్మ వేస్తాను. అది నా గొప్పతనమేమీ కాదు, నేను పుట్టిన గదికి మిద్దె కప్పు అంత కిందికి ఉంది. ఇంకో సంగతి కూడా ముందే ఒప్పుకుంటాను. నేను ఉత్త పిరికిదాన్ని. జీవితంలో చేసిన పెద్ద పని ఒక్కటే, అది చేసినంతసేపూ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకునే ఉన్నాను.

నన్ను చేసినవాడు మద్దిలేటి. ఆదోని స్టేషన్లో సిగ్నల్ ఫిట్టరు. డ్యూటీ దిగాక అందరూ టీకొట్టు దగ్గర చేరితే ఇతను కెమెరా పట్టుకుని తిరిగేవాడు. ఇంట్లో జొన్నలు పోసుకునే కొట్టుగదిని ఖాళీ చేసి, కిటికీకి కంబళి కొట్టి, తలుపు సందుల్లో గుడ్డపీలికలు కుక్కి చీకటిగది చేసుకున్నాడు. ఆ గదిలో అతను నిటారుగా నిలబడితే నెత్తికి కప్పు మోసే దంతె తగిలేది. తగిలిన ప్రతిసారీ అబ్బా అనుకునేవాడు గానీ, మరుసటి రోజు మళ్లీ అక్కడే తగిలించుకునేవాడు. మనుషులు దెబ్బలు తిన్నంత తొందరగా నేర్చుకోరని నాకు పుట్టిన వారంలోనే తెలిసింది.

అతని భార్య తిరుపాలమ్మ. నేను పుట్టింది ఆమె కోసమే. ఆమెకు ఏడాదిన్నర వయసప్పుడు తల్లి సుంకమ్మ కలరాతో పోయింది. తల్లి ముఖం ఆమెకు గుర్తు లేదు, ఇంట్లో ఫొటో లేదు. అమ్మ ఎట్లుండేదని చిన్నప్పుడు అడగని మనిషి లేడట. నీ మాదిరే ఉండేదని కొందరు, మంచి మనిషని కొందరు అన్నారు. మంచి మనిషి ముక్కు ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. సుంకమ్మ జిన్నింగ్ మిల్లులో పత్తి ఏరే పనికి పోయేదనీ, ఒకసారి మిల్లు వాళ్లంతా నిలబడి ఫొటో దిగితే తను నొక్కి కట్టిన పత్తి బేలు పక్కన నిలబడిందనీ తిరుపాలమ్మ నాయన చెప్పేవాడు. ఆ ఫొటో ఏమైందో ఆయనకూ తెలియదు. ఆయన కూడా పోయాడు. తిరుపాలమ్మకు ముప్పై ఐదేళ్లు నిండాయి.

అప్పుడు దొరికింది. ఊళ్లో పటాలు కట్టే షాపాయన, చనిపోయిన ఒక పాత ఫొటోగ్రాఫరు సామాను మొత్తం తూకానికి కొన్నాడు. అందులో తోలు చిరిగిన పెద్ద కెమెరా ఒకటి, ట్రంకు పెట్టెడు గాజు నెగటివ్‌లు ఉన్నాయి. వాటిని సోడా వేసిన వేడినీళ్లలో కడిగి, తేటగాజు చేసి దేవుడి పటాలకు బిగిస్తున్నాడు. ఎంతమంది మొహాలు ఆ తొట్లో కడుక్కుపోయి దేవుళ్లకు అద్దాలయ్యాయో ఆయనకే తెలియదు. మద్దిలేటి ఏదో ఫ్రేము కోసం వెళ్లి, కడగాల్సిన వరసలో పైనున్న గాజును వెలుతురుకు ఎత్తి చూశాడు. వరసలుగా మనుషులు, ఓ పక్కన పత్తి బేలు, దాని పక్కన ఒక ఆడమనిషి. ముఖం పప్పులోని కందిబేడంత ఉంది.

కెమెరాను, ఆ ఒక్క గాజును ఒళ్లో పెట్టుకుని జట్కాలో ఇంటికి వచ్చాడు. తిరుపాలమ్మ చూసి, ఆ కందిబేడను పెద్దది చేయించమంది. పెద్ద స్టూడియోలో అడిగితే గాజును బెంగుళూరు పంపాలన్నారు. ఆమె ససేమిరా అంది. ముప్పై ఐదేళ్లకు ఇంటికి వచ్చిన మనిషిని మళ్లీ రైలెక్కిస్తానా అంది. అయితే నేనే చేస్తానని మద్దిలేటి నోరు జారాడు. ఆ జారిన మాటే నేను.

పాత మంచం పట్టెలు రెండు నాకు పట్టాలయ్యాయి. కిరోసిన్ డబ్బాను కోసి దీపపు గూడు చేశాడు. అందులో రెండు వందల వాట్ల బల్బు పెట్టి, వేడి పోవడానికి పైన మెలికలు తిరిగిన పొగగొట్టం పెట్టాడు. వెలుగును కూడదీసే బొద్దు అద్దాలు రెండూ మూతపడిన టూరింగ్ టాకీసువి. ఒకదాని అంచు పెచ్చు లేచింది. తోలు చిరిగిన ఆ పాత కెమెరా లెన్సు నాకు కన్నయింది. ముందుకూ వెనక్కూ సాగే నల్లగుడ్డ తిత్తిని పుస్తకాలు కుట్టే దస్తగిరి సాయిబు మడతలు పెట్టి అంటించాడు. మైదా జిగురులో మైలుతుత్తం కలిపాడు కాబట్టి బొద్దింకలు వాసన చూసి వెనక్కి పోయేవి. ఎదురుగా గోడకు చదునైన పలక. దానికి కాగితం గుచ్చితే నేను బొమ్మ వేస్తాను. బొమ్మ తలకిందులుగా పడుతుంది, నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా కనిపిస్తుంది. అందుకే మనుషుల రంగు గురించి నాకెప్పుడూ ఏ అభిప్రాయమూ లేదు.

పైపైకి ఇదంతా సరదాగానే ఉంటుంది. నా లోపల ఎంత భయముందో చెప్పాలి. ఆ గాజు కూచునేది నా గుండె దగ్గర, బల్బుకు మూరెడు దూరంలో. పాత గాజు, పలుచని గాజు. బల్బు వెలిగితే నా డబ్బా పెనంలా కాలుతుంది. అది పగిలితే సుంకమ్మ మరో దారిలో వచ్చేది లేదు. ఫొటో అచ్చు పడే పెద్ద సైజు బ్రోమైడ్ కాగితాలు కూడా రెండే దొరికాయి. తెలిసిన గార్డు ఒకాయన మద్రాసు నుంచి తెచ్చిచ్చాడు.

ఇది చాలదన్నట్టు తిరుపాలమ్మ మరో మెలిక పెట్టింది. ఫొటో పెద్దదయ్యాక అది తన అమ్మేనని లాలెమ్మ చెప్పాలి. లాలెమ్మ ఆమెకు పెద్దమ్మ, సుంకమ్మకు సొంత అక్క. కోసిగిలో ఉంటుంది. సుంకమ్మ ముఖాన్ని కళ్లారా చూసినవాళ్లలో ఆమె ఒక్కతే మిగిలింది. ఆపరేషన్ వికటించి ఒక కన్ను పోయింది. రెండో కంటికి పొర కమ్ముతోంది. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దంది, కనపడినన్నాళ్లు కనపడనీ అంది. ఉగాది దాకా ఆ కన్ను నిలబడడం కష్టమని చూసినవాళ్లంతా అంటున్నారు. ఉగాదికి ఇరవై రోజులే ఉన్నాయి. కాస్త నిదానంగా చేద్దామని మద్దిలేటి నసిగితే తిరుపాలమ్మ ఒకటే మాట అడిగింది.

"ముక్కూ మొహం తెల్వనామెకు దండ ఏసి అమ్మా అనమంటావా?"

అతను లేచి పోయి నా బల్బు బిగించాడు.

ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టారు. మొదట్లోనే చిక్కు వచ్చింది. నెగటివ్‌కు మందు పూసిన వైపు మసగ్గా ఉంటుంది, ఉత్త గాజు వైపు నున్నగా ఉంటుంది. మసక వైపు నా లెన్సుకు ఎదురుగా ఉంటేనే బొమ్మ సరిగ్గా వస్తుంది. తిరగేస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. పాత ఫొటోగ్రాఫరు జాగ్రత్త ఎక్కువైన మనిషి కాబోలు, మందు మీద వార్నిష్ పూశాడు. రెండు వైపులా ఒకేలా నిగనిగలాడుతోంది. సూదితో గీకి చూడవచ్చు గానీ మద్దిలేటికి చేతులు ఆడలేదు. అప్పుడు బుర్ర ఉపయోగించాడు. ఫొటోలో ఆడవాళ్లు నలుగురు, నలుగురి పైటలూ ఒకే భుజం మీద ఉన్నాయి. పక్కనే నిలబడిన భార్య వైపు చూశాడు. ఎడమ పైట. అతని తల్లిదీ, అక్కచెల్లెళ్లదీ, ఊళ్లో అతను చూసిన అందరిదీ అంతే. పైట ఎడమ భుజం మీద పడేలా గాజును పెట్టాడు. నాకూ సబబే అనిపించింది. కొట్టుగదిలో పుట్టినదానికి లోకం ఎంత తెలుస్తుంది?

ముఖం నిలువెత్తు మనిషికున్నంత రావాలని నన్ను గోడకు వీలైనంత దూరం జరిపాడు. దూరం పెరిగేకొద్దీ నా వెలుగు పలచబడుతుంది, బల్బు ఎక్కువసేపు వెలగాలి. నూట ఇరవై అంకెలు లెక్కపెట్టాలన్నాడు. తిరుపాలమ్మ లెక్కపెట్టింది. యాభై దగ్గర నా డబ్బా కాలింది. ఎనభై దగ్గర పాత రంగు వాసన వచ్చింది. నూట పది దగ్గర నా గుండెలో టిక్కుమంది. గాజు పైమూల నుంచి వెంట్రుకంత గీత ఒకటి బయల్దేరి బేలు దాకా వచ్చి ఆగింది. ఆ శబ్దం వాళ్లిద్దరికీ వినపడింది. ఆమె లెక్క ఆపలేదు.

ఎర్రదీపం వెలుగులో, మందునీళ్ల తట్టలో కాగితం మీద ముఖం తేలింది. ముందు కనుబొమలు, తర్వాత ముక్కుపుడక, ఆ తర్వాత కళ్లు. మెడ కింద భుజాల దాకా ఉంది. తిరుపాలమ్మ తట్ట అంచు పట్టుకుని వంగి చూసింది.

"అద్దంలో నన్ను నేను చూసుకున్నట్లే ఉండాది" అంది.

అని ఏడ్చింది. ముప్పై ఐదేళ్లది ఒక్కసారే ఏడ్చింది. మద్దిలేటి నెత్తికి దంతె తగిలినా తడుముకోలేదు. నేను గీతను తల్చుకుంటూ మెల్లగా చల్లారాను.

గురువారం లాలెమ్మను ప్యాసింజరులో తీసుకొచ్చాడు. గడప దగ్గర వెలుతుర్లో కూచోబెట్టి ఫొటో చేతికిచ్చారు. కొట్టుగది తలుపు తీసే ఉంది కాబట్టి నాకూ కనిపించింది. ఆమె దాన్ని ముక్కుకు తగిలేంత దగ్గరికి తెచ్చుకుంది, దూరం పెట్టింది, తల ఏటవాలు చేసింది. ముఖం మసగ్గా ఉంది నాయనా అంది. తర్వాత వేలితో భుజం గీత వెంట తడిమింది. తెల్లచీర పైట, నల్లటి గోడ. ఆ మాత్రం ఆమె కంటికి ఆనింది.

"ఇది మా సుంకి గాదు" అంది లాలెమ్మ. "మా ఇండ్లల్లో ఆడోళ్లది కుడి పైట. మా అమ్మది, నాది, సుంకిది, అందరిదీ కుడి పైటే. ఎడం పైట ఏసినామె మా సుంకి ఎట్లైతాది?"

పదిహేనేళ్లుగా లాలెమ్మను చూస్తున్న మద్దిలేటి ఆ రోజే ఆమె పైట వైపు చూశాడు. కుడి భుజం మీద ఉంది. ఎన్నో పెళ్లిళ్లలో ఆమెను నిలబెట్టి ఫొటోలు తీశాడు కూడా. ముఖం, వెలుగు, దుమ్ము అన్నీ చూశాడు, అది చూడలేదు. తిరుపాలమ్మ చూసింది గానీ ముసలివాళ్ల అలవాటు అనుకుంది. తన ఈడువాళ్లంతా ఎప్పుడో ఎడమ పైటలోకి మారిపోయారు. అమ్మ అంటే ఆమె మనసులో ఇరవై ఏళ్ల పిల్ల కదా, ఇరవై ఏళ్ల పిల్లకు ముసలివాళ్ల పైట ఎలా వేస్తుంది?

గాజు తిరగబడిందని మద్దిలేటికి అర్థమైంది. గడ్డం గీసుకునే అద్దం తెచ్చి, ఫొటోను అందులో చూపించి, అదే మనిషి, పైట ఇప్పుడు కుడివైపే ఉంది చూడమన్నాడు. అరచేయంత అద్దంలో ఆమె ఒంటికంటికి తెల్లటి మరక తప్ప ఏమీ ఆనలేదు. అద్దంలో మనిషిని నేనెట్ల నమ్మేది నాయనా అని పక్కన పెట్టేసింది. కసురుకోలేదు. తన కన్నే సరిగ్గా చెప్పలేకపోతోందని కొంగుతో దాన్ని అద్దుకుంటూ కూచుంది.

తిరుపాలమ్మ మాత్రం ఫొటోను తిరగేసి గోడకు ఆనించింది. మొగుడి వైపు తిరిగి చాలా నెమ్మదిగా అంది.

"ఎవురమ్మను పట్టుకుని ఏడిసినానో నేను."

ఆ మాట నాకు బల్బు వేడి కన్నా ఎక్కువ తగిలింది. అబద్ధం చెప్పింది నేను కదా. ముఖం ఆమె తల్లిదే. కానీ ఆ ముఖాన్ని ఆమె దగ్గర్నుంచి లాక్కున్నది నా గోడ మీది బొమ్మే. గుండెలో గీత పడిన గాజు, మిగిలింది ఒక్క కాగితం. లాలెమ్మ మరుసటి రోజు మధ్యాహ్నం బండికి వెళ్లిపోతుంది, ఇంట్లో గొడ్లున్నాయట. మళ్లీ వచ్చేనాటికి ఆ కన్ను ఉంటుందో లేదో.

మర్నాడు పొద్దున్నే మద్దిలేటి సెలవు పెట్టి వచ్చాడు. గాజు పగిలిన మూలకు నల్ల కాగితం అంటించాడు. నాలుగుసార్లు అంటించి నాలుగుసార్లు పీకాడు. గాజును రెండోవైపు తిప్పి నా గుండెలో కూచోబెట్టాడు. తర్వాత బాగా ఆలోచించి నన్ను గోడ దగ్గరికి జరిపాడు. దగ్గరికి జరిగితే బొమ్మ చిన్నదవుతుంది, వెలుగు చిక్కబడుతుంది, ముప్పై అంకెలు చాలు. ముఖం నిలువెత్తు మనిషిదంత రాకపోతే పోనీ, గాజు బతికితే చాలన్నాడు. బొమ్మ చిన్నదయ్యేసరికి అదే కాగితం మీద భుజాల కింద నడుం దాకా పట్టింది. పైట అంచు దగ్గర, బేలు వైపు, ఓ చిన్న తెల్లటి మచ్చ గోడ మీద పడింది. గాజుకు బూజు పట్టిందేమోనని అతను తిట్టుకున్నాడు. తుడవడానికి ధైర్యం చాలలేదు.

తిరుపాలమ్మ ఓ చేత్తో నా డబ్బాకు విసనకర్రతో విసురుతూ లెక్కపెట్టింది. లాలెమ్మ తలుపు అవతల కూచుని ఉంది, దగ్గు కూడా ఆపుకుంటోంది. ఐదు, ఆరు, ఏడు. నేను కాలకూడదని నాకు నేనే చెప్పుకుంటున్నాను, అది నా చేతిలో ఉన్నట్టు. పదిహేను. గీత కదల్లేదు. ఇరవై రెండు. బేలు దగ్గరే ఉంది. ముప్పై అనగానే దీపం ఆర్పేశాడు. ముగ్గురమూ ఊపిరి వదిలాం. అప్పుడు, చల్లారేటప్పుడు, మళ్లీ టిక్కుమంది. గాజు బేలు దగ్గర్నుంచి సుంకమ్మ ముఖం మీదుగా ఆ చివరి దాకా రెండు ముక్కలైంది.

ఇంక ఉన్నదంతా తడవని ఆ కాగితం మీదే ఉంది. మద్దిలేటి దాన్ని మందునీళ్లలో ముంచాడు. కనుబొమలు తేలాయి, ముక్కుపుడక, కళ్లు. కుడి భుజం మీద పైట. ఆ కింద, నడుం దగ్గర, చీర తెలుపు మీద నల్లగా ఓ మరక కూడా తేలింది. అయిపోయింది, మరక పడింది అని అతను తట్ట పక్కనే చతికిలబడ్డాడు. బొమ్మ చెరగకుండా నిలిపే హైపో నీళ్లలో ఉంచాల్సినంతసేపు ఉంచి, నీళ్లలో జాడించి తలుపు తీసింది తిరుపాలమ్మే. తడి కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని గడప వెలుతుర్లోకి తీసుకెళ్లింది. తీసుకెళ్లి అక్కడే నిలబడిపోయింది.

మరక కాదు. పిడికిలి. నాలుగు వేళ్లు, ఒక బొటనవేలు, గోరింటాకు పండినట్టు చివర్లు నల్లగా. బేలు వెనక నుంచి వచ్చి సుంకమ్మ పైట అంచును గట్టిగా పట్టుకుని ఉంది. చెయ్యి తప్ప బిడ్డ కనపడదు.

పెద్దమ్మకు కనపడదేమోనని, అక్కడ ఏముందో తిరుపాలమ్మ నోటితో చెప్పింది. పైట కుడివైపు ఉందని, దాన్నో చిన్న చెయ్యి పట్టుకుని ఉందని చెప్పింది. లాలెమ్మ ఫొటో అడగలేదు.

"మిల్లాయన బిడ్డల్ని ఫొటోలో రానీయొద్దన్నాడంట" అంది. "సుంకి నిన్ను సంకన ఏసుకునే పోయింది పనికి. దించుదామంటే నువ్వు పైట ఇడిసిపెట్టకపోతివంట. నిన్ను బేలు ఎనక దాచి నిలబడినా, చెయ్యి మాత్రం ఆడ్నే ఉండిపోయిందక్కా అని ఆ పొద్దు సాయంత్రం నాకు చెప్పి నగింది."

ఆమె తడుముకుంటూ తిరుపాలమ్మ కుడిచెయ్యి అందుకుంది. కట్టెలు కొట్టీ రొట్టెలు తట్టీ బండబారిన ఆ చేతి వేళ్లను ఒక్కొక్కటే ముడిచి పిడికిలి చేసి, తన రెండు చేతుల్లో పట్టుకుంది.

"ఇదే చెయ్యి మే" అంది.

ఆ మధ్యాహ్నం బండి వెళ్లిపోయింది. లాలెమ్మ ఎక్కలేదు.

ఉగాదికి నాలుగు రోజుల ముందు ఆ కంటికి పొర పూర్తిగా కమ్మేసింది. ఆమె మాత్రం తాను చూడాల్సింది చూసేశానని అందరికీ చెప్పుకుంది. నిజానికి ఆమె చూసింది పైట ఒక్కటే, మిగిలినదంతా విన్నదే. నేను ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నా తర్వాతి కాలం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఊళ్లోవాళ్ల ముఖాలు కొన్ని పెద్దవి చేశాను, ప్రతిసారీ టిక్కుమంటుందేమోనని వణికాను. మద్దిలేటి రిటైరయ్యాక నన్ను ఊడదీసి అదే గది అటక మీద పెట్టారు. డబ్బా తుప్పు పట్టింది. దస్తగిరి సాయిబు తిత్తిని మాత్రం ఇప్పటికీ బొద్దింకలు ముట్టలేదు.

అటక మీద నుంచి తలుపు సందులోంచి ముందుగది గోడ కనిపిస్తుంది. కుడి పైట ఫొటో అక్కడ ఉంది. తిరగబడిన మొదటి ఫొటో తిరుపాలమ్మ ట్రంకు పెట్టె మూతకు లోపలివైపు అంటించి ఉంది. తల దువ్వుకునేటప్పుడు మూత తీసి దానివైపు చూస్తుంది. గోడ మీది ఫొటోకు పటం కట్టించింది ఆ షాపాయన దగ్గరే. కొత్త అద్దం వేయమని మద్దిలేటి అడిగితే, కడిగిన గాజు తప్ప ఆ సైజులో ఇంకేమీ లేదన్నాడు. ఆ మాట ఇంటికొచ్చి చెప్పాక తిరుపాలమ్మ పటాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు వెలుతురుకు వంచి చూసింది. ఏమీ కనపడలేదు, శుభ్రంగా కడిగాడు.

రోజూ పొద్దున ఆమె పటం తుడుస్తుంది. ముందు అద్దం మీద తడిగుడ్డ ఆనించి కాసేపు ఆగుతుంది, నొప్పి పెడుతుందేమోనన్నట్టు మెల్లగా రుద్దుతుంది. లోపల ఉన్న అమ్మ తనకు దొరికింది. పై గాజులోంచి కడుక్కుపోయినామె ఎవరికీ దొరకలేదు.